చూడదగ్గ ఊరు

మొన్న శుక్రవారం కువైట్‌లో, అహ్మదిలోని మా ఇంజినీరు గారి వంటింట్లో గోంగూర ఏరుకుంటూ ఉంటే ఫోన్ మోగింది. తెలియని నెంబరు. ఎత్తితే జాబ్రియా మామా గొంతు. ఇక్కడ పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం, యజమానిని బాబా అంటాం. ఆ ఇంట్లో వంటపని మానేసి ఇటు వచ్చి చాలా కాలమైంది. అయినా ఆ గొంతు వినగానే నా చెయ్యి దానంతటదే చున్నీ సర్దుకుంది. అలవాటు అంత తొందరగా పోదు.

మామా ముందు నా క్షేమం అడిగింది. నా పిల్లల క్షేమం అడిగింది. ఆ తర్వాత, నాతో పాటు ఆ ఇంట్లో పనిచేసిన సిలోన్ ఆమె నిద్రలోనే పోయిందని చెప్పింది. గుండె ఆగిపోయిందట. పొద్దున చిన్నపాపను బడికి లేపడానికి రాలేదేమని వెళ్ళి చూస్తే అప్పటికే ఒళ్ళు చల్లబడి ఉందట. చెబుతూ చెబుతూ మామా ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, ముక్కు చీదిన చప్పుడు నాకు వినిపించింది. తర్వాత గొంతు సవరించుకుని అసలు పని చెప్పింది.

"వాళ్ళ ఊరి పేరేమిటి? కొలంబోలో దించాక బండి ఎటు వెళ్ళాలో చెప్పమంటున్నారు. పాస్‌పోర్ట్‌లో ఏదో తోట, ఏదో నెంబరు ఉంది, అంతే. నీకు తెలుసు కదా, మీరిద్దరూ ఎప్పుడూ అవే కబుర్లు చెప్పుకునేవాళ్ళు."

"మీకూ తెలుసు మామా. మీరు వెళ్ళి చూసొచ్చిన ఊరే," అన్నాను.

"నేనా? ఎప్పుడు?"

ఊరి పేరు చెప్పాను. రెండుసార్లు పలికించుకుని రాసుకుంది. నాకు దీర్ఘాయుష్షు ఇవ్వమని దేవుణ్ణి కోరి ఫోన్ పెట్టేసింది. నేను మళ్ళీ గోంగూర ముందు కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను కాబట్టి, పోయినవాళ్ళ గురించి రాయాల్సినంత మెత్తగా ఉండదు.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా ఆ ఇంటివాళ్ళకే కొత్తగా ఉంటుంది. పిల్లల్ని చూసుకోవడానికి ఎవరొచ్చినా మామా ఒకే పేరుతో పిలిచేది. ఈమెకు ముందున్న ఫిలిప్పీన్స్ అమ్మాయికీ అదే పేరు, ఈమెకూ అదే. మనిషి మారినప్పుడల్లా కొత్త పేరు నేర్చుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? నేను మాత్రం అక్కా అనేదాన్ని. ఆమె నన్ను తంగచ్చీ, అంటే చెల్లీ, అనేది. సిలోన్ కొండల్లో తేయాకు తోటల తమిళం వాళ్ళది. మాది రైల్వే కోడూరు పక్కన పల్లె, తమిళం చెవిన పడుతూ పెరిగినదాన్ని. మొదట్లో కాస్త తమిళం, కాస్త అరబ్బీ, మిగతాది సైగలతో మా మాటలు నడిచాయి. ఏడాది తిరిగేసరికి నా తెలుగు మొత్తం పట్టేసింది. నా దగ్గర నేర్చిన తెలుగు గనక మా కోడూరు యాసలోనే నన్ను తిట్టేది.

పొట్టి మనిషి. మెడ ముందుకు చాచి, నడుం కాస్త వంచి నడిచేది. చిన్నప్పటి నుంచీ తల మీద తాడు తగిలించి వీపున తేయాకు గంప మోసిన అలవాటు అది. జాబ్రియా ఇంట్లో అద్దంలాంటి చలవరాతి నేల మీద కూడా ఆమె కొండ ఎక్కుతున్నట్టే నడిచేది. మామా పెద్దమ్మాయి వెనక నుంచి ఆ నడక అనుకరించి నవ్వేది. ఈమె తిరిగి చూసి, తనూ ఇంకా కాస్త వంగి నడిచి చూపించేది. ఆ ఇంట్లో టీ తాగడం ఆమెకు పెద్ద శిక్ష. చిట్టి కాగితపు సంచుల్లో వచ్చే టీపొడిని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది టీ గాదుమే, తోట ఊడ్చినాక మిగిలే కసువు. దీన్ని మూట గట్టి బంగారం మాదిరి అమ్ముతా ఉండారు," అనేది. అంటూనే రెండు కప్పులు తాగేది.

ఆమెకు ఒక్కతే కూతురు. భర్త ఇంకో మనిషితో ఎటో వెళ్ళిపోయాడు. పిల్లకు మాటలు వచ్చీరాని వయసులో తన సొంత అక్కకు అప్పజెప్పి ఇక్కడికి వచ్చింది. రెండేళ్ళకోసారి ఇజాజా, అంటే ఇంటికి వెళ్ళడానికి సెలవు, ఇస్తామని ఒప్పందంలో ఉంటుంది. అడిగినప్పుడల్లా మామాకు ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పిల్లల పరీక్షలు, రంజాన్, మరిది పెళ్ళి, అత్తగారి మోకాలి ఆపరేషన్. మామా గయ్యాళి కాదు, చెయ్యి చేసుకునే రకం అసలే కాదు. మేము తిన్నామో లేదో చూసేది, జ్వరం వస్తే తనే మాత్ర ఇచ్చేది. కానీ పంపిస్తే మనిషి తిరిగి రాదేమోనని భయం. ఆ భయానికి మంచి మాటల ముసుగు వేసి, "ఈ ఒక్కసారికి ఆగు హబీబ్తీ," అనేది. హబీబ్తీ అంటే నా బంగారం అని అర్థం. బంగారాన్ని ఎవరైనా బయటికి పంపుతారా?

ఈలోగా కూతురు ఫోన్‌లో మాట్లాడడం మానేసింది. "నా పక్కన పండుకోని ఉంది, ఆడుకోను పొయ్యింది, రాను అంటా ఉంది," అని వాళ్ళ అక్క ఏదో ఒకటి చెప్పేది. ఇటు నుంచి ఈమె "సరే సరే, ఆడుకోనీ," అనేది.  ఫోన్ పెట్టేశాక ఆ పూట గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేవి.

ఆమెకు ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు తెలుసు. చలికాలంలో ఒకరోజు పెద్ద వాన పడింది. కువైట్ వాళ్ళకు వాన అంటే పండగ. మామా పిల్లల్ని తీసుకుని ఇంటి ముందుకు పరుగెత్తింది. అందరూ తడుస్తూ, ఫోన్లు పైకెత్తి మబ్బులకు వీడియోలు తీస్తూ, ఒకటే కేకలు. మేమిద్దరం తువ్వాళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం.

"ఈ నాలుగు చినుకులకే ఇంత సంబరమా?" అంది ఆమె.

"మరి వీళ్ళకు యాడుండాయి వానలు?" అన్నాను.

 మామా లోపలికి రాగానే, ఆమె తల తుడుస్తూ ఈమె మెల్లగా అరబ్బీలో మొదలుపెట్టింది. మా దేశంలో రోజూ వాన మామా. ఎటు చూసినా పచ్చన. మా ఇంటి వెనకాల షలాల్ ఉంది, నీళ్ళు మీ టవర్ల కన్నా ఎత్తు నుంచి పడతాయి. షలాల్ అంటే జలపాతం. మామా తల తిప్పి, "టవర్ల కన్నానా? అబద్ధం," అంది. అబద్ధం కాదు. ఆ తర్వాత నేనే ఫోన్‌లో చూశాను.

ఆ ఇంటివాళ్ళు ప్రతి వేసవిలో టర్కీకో జార్జియాకో వెళ్ళేవాళ్ళు. ఎండకు మాడిన కళ్ళకు కాస్త పచ్చదనం, కాస్త నీళ్ళు కావాలి, అందులో తప్పు లేదు. పిల్లల్ని ఎత్తుకోవడానికి ఆయాను వెంట తీసుకెళ్ళడం జాబ్రియాలో రివాజు. ఈమె కూడా అట్లా రెండు మూడు దేశాలు తిరిగింది. ఏ దేశం చూశావక్కా అంటే, "బాత్రూములు బాగుండాయి," అనేది. వీళ్ళు ఎట్లాగూ ఏదో ఒక దేశం వెళతారు, అదేదో నా దేశమే వెళితే ఏం పోయింది, అనుకుంది. ఇజాజా అడిగితే ఇవ్వనివాళ్ళను తమంతట తామే తనను ఇంటిదాకా తీసుకెళ్ళేట్టు చెయ్యాలనుకుంది. నాకు చెప్పినప్పుడు ఆ తెలివికి ముచ్చటపడి ఆమె వీపు చరిచాను.

ఇక ఏడాది పొడుగునా అదే పని. చిన్నపాపకు అన్నం తినిపించేటప్పుడు ముద్దకో చోటు. ఒక ముద్ద ఏనుగుల చెరువుకు, ఒక ముద్ద సింహం బండకు, ఒక ముద్ద మబ్బుల్లో పోయే రైలుకు. ఆ పిల్ల నోరు తెరిచి, "తిమింగలం ఎక్కడ?" అని అరిచి మరీ ఇంకో ముద్ద తినేది. మామా కాళ్ళు పట్టేటప్పుడు, పెద్దమ్మాయి జుట్టు చిక్కు తీసేటప్పుడు, అత్తగారికి మందు వేసేటప్పుడు, అన్నిటికీ ఆ దేశమే.

చపాతీ పిండి కలపడం నా పని. నేను ఉండలు చేసి పెడితే అందులో ఒకటి లాక్కుని, పైకొస సన్నగా నొక్కి, కింద లావుగా ఉంచి పీట మీద పెట్టేది.

"ఇదో, మా దేశం," అని వేలితో ఒక గుంట చేసేది. "ఈడ ఏనుగులు. ఎండలు ముదిరి అడవిలో నీళ్ళు ఇంకితే, మందలు మందలుగా అన్నీ ఈ చెరువు కాడికే వస్తాయంట. ఈడ సింహం బండ. నిలువుగా ఉండాదంట, దాని మింద రాజు ఇల్లు గట్టుకోని ఉండినాడంట. ఈ పక్క సముద్రంలో తిమింగలాలు. ఒక్కొక్కటి ఈ ఇంటంత ఉంటాదంట."

నడి మధ్యకు కాస్త కిందగా ఒక లవంగం గుచ్చేది. "ఈడ మా తోట." తర్వాత అరచేత్తో ఒక్క చరుపు చరిచి, "ఖలాస్, ఇంక రుద్దుమే," అని వెళ్ళిపోయేది. ఆ లవంగం తీయడం నేను మరిచిపోతే బాబా పంటికింద పడేది. చపాతీలో లవంగం వేయడం ఇండియా పద్ధతి కాబోలని ఆయన చాలాకాలం అనుకున్నాడు.

ఒకసారి అడిగాను. "అన్నిటికీ అంట అంట అంటావే. ఇవన్నీ నువ్వు చూసినావా అక్కా?"

"నేనెప్పుడు చూసేదిమే? తోట దాటినానంటే విమానం కాడికే. నడి మధ్యలో బస్సులో నిద్రపోతిని."

అంతా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నదే. ఆమె కళ్ళతో చూసింది ఒక్క జలపాతమే. తోటకూలీల గదుల వరస వెనకాల, గుట్ట దిగితే వచ్చేస్తుంది. అక్కడే బట్టలు ఉతికేది, అక్కడే పిల్లకు స్నానం చేయించేది. దాని గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతులో ఆ అమ్మకం ధోరణి ఉండేది కాదు. మార్గళి, అంటే మన ధనుర్మాసం, వానలకు నిండుగా పడుతుంటే ఇంట్లో పక్కవాళ్ళతో కూడా కేకేసి మాట్లాడాలట. అంత ఎత్తు నుంచి పడే నీళ్ళు సగం నేలకు చేరవట, గాల్లోనే పొగలాగా అయిపోతాయట. ఆరేసిన బట్టలు ఆ పొగకు ఎన్నాళ్ళకీ ఆరవట. "సూడను వచ్చినోళ్ళంతా ఆహా అంటారు. మాకు తడిబట్టల కంపే తెలుసు," అని నవ్వేది.

ఆ వేసవికి బాబా సిలోన్ టికెట్లు తీశాడు. మామా స్నేహితురాళ్ళు భయపెట్టారు, ఆమె దేశానికే ఆమెను తీసుకెళితే పారిపోదా అని. మామా ఆమెను పిలిచి ఉన్నమాట చెప్పేసింది. "నీ పాస్‌పోర్ట్ నా బ్యాగులోనే ఉంటుంది. నన్ను వదిలి ఎక్కడికీ కదలొద్దు. ఇజాజా సంగతి తిరిగొచ్చాక చలికాలంలో చూద్దాం, మాట ఇస్తున్నాను." ఈమె సంతోషంగా తలూపింది. ఇంకేం, రెండూ దక్కబోతున్నాయి. ఇప్పుడు ఒక చూపు, చలికాలంలో అసలు సెలవు.

నాకు ఒక్క అనుమానం ఉండేది. అడిగేశాను. "వీళ్ళు పొయ్యేది ఆగస్టులో. అప్పుడు మీ కాడ నీళ్ళుంటాయా?"

ఆమె చేతిలో గుడ్డ మడతపెడుతూ, "ఆడి నెలలో యాడుంటాయి? గాలే. సన్నంగా పడతా ఉంటాది," అంది.

"మరి?"

"బిడ్డ ఉంటాది గదా!"

జలపాతం దగ్గర రోడ్డు మీద వంతెన ఉందట. అక్కడికి కూతుర్ని తీసుకురమ్మని వాళ్ళ అక్కకు చెప్పి పెట్టింది. మామాకు ముందే చెబితే అనుమానపడి ఆ దారే మార్చేస్తుందని దాచింది. పిల్లలు నీళ్ళలో దిగి ఆడుకుంటారు, మామా చాప వేసుకుని కూర్చుంటుంది, తనకు ఒక పూట దొరుకుతుంది. లెక్క బాగానే ఉంది. ఫర్వానియా బజారు నుంచి నాతో ఒక గౌను, బూట్లు, బొమ్మ తెప్పించుకుంది. గౌను కొలతకు నేను ఎంత పిల్ల అక్కా అని అడిగితే, చేతిని నడుం దగ్గర పెట్టింది. కాసేపు ఆలోచించి ఇంకాస్త పైకి జరిపింది. చివరికి, "పెద్దదే తీసుకోమే, పెరిగి ఉంటాది," అంది.

అత్తగారిని చూసుకోవడానికి నేను ఇంట్లోనే ఉన్నాను. తిరిగొచ్చాక పెద్దమ్మాయి వంటింట్లోకి వచ్చి వీడియోలన్నీ చూపించింది. దేవుడు ఆ దేశానికి ఏమీ తక్కువ చెయ్యలేదు. మైదానంలో ఒంటరిగా నిలబడ్డ ఆ పెద్ద బండ. సాయంత్రం ఎండలో చెరువు గట్టున ఏనుగులు, పిల్లల్ని కాళ్ళ మధ్య పెట్టుకుని. తూర్పు సముద్రంలో ఒక్క క్షణం పైకి లేచి మునిగిపోయిన తిమింగలం తోక. కొండల చుట్టూ మెలికలు తిరిగే రైలు, కిందంతా తేయాకు. నాకూ నోరు తెరుచుకుంది.

ఆ తర్వాత ఆమెను వెతకడం మొదలుపెట్టాను. ప్రతి వీడియోలోనూ ఏదో ఒక మూల ఉంది. ఏ ఒక్కదానిలోనూ ఆ వింత వైపు తిరిగి లేదు. ఏనుగులు వెనక ఉంటే ఈమె ఇటు తిరిగి చిన్నపాప నోట్లో అరటిపండు పెడుతోంది. అందరూ బండ ఎక్కితే ఈమె కింద పాపను కూర్చోబెట్టే తోపుడుబండి పట్టుకుని నిలబడింది. రైల్లో కిటికీలన్నీ వాళ్ళవి, ఈమె నడవలో సంచుల మధ్య ఉంది.

"తిమింగలం కనపడిందా అక్కా?" అని ఆ సాయంత్రం అడిగాను.

"పెద్దమ్మాయికి వాంతులైతే కవరు పట్టుకోని ఉండా. అందరూ అరిచినారు. తల ఎత్తేలోపల మునిగిపాయ."

ఫర్వానియాలో ప్రయాణాల ఆఫీసుల అద్దాల మీద ఆ దేశపు బొమ్మలు ఇప్పుడు కూడా అతికించి ఉంటాయి. వాటి ముందు ఆగి చూసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేం లేదు, అయినా మండుతుంది.

జలపాతం సంగతి ఆమె అంత సులభంగా చెప్పలేదు. బట్టలు ఉతికే గదిలో ప్రయాణపు మురికిబట్టలు వేరు చేస్తూ ఉంటే నేనే అడిగి అడిగి చెప్పించాను.

"పొద్దన్నించే వచ్చి కూర్చోని ఉండారు పాపం, మా అక్కా బిడ్డా. వంతెన కాడ మొక్కజొన్న కంకులు కాల్చే అంగడి ఉండాది, ఆడ. బిడ్డకు రెండు జడలేసి తెల్ల రిబ్బన్లు కట్టి ఉంది మా అక్క. నాకు వ్యాన్‌లోంచే తెలిసిపాయ."

"నీళ్ళు?"

"దారం మాదిరి. మామా దిగి పైకి చూసింది. ఏడాదిగా నువ్వు చెప్తా ఉండే షలాల్ ఇదేనా అనింది. మా ఇంట్లో షవర్ తిప్పితే ఇంతకన్నా ఎక్కువొస్తాయి అనింది. పెద్దమ్మాయి నవ్వింది. బాబా వ్యాన్ దిగనే లేదు. ఫోటో తీసుకోండి, యల్లా, పదండి, అన్నాడు."

ఆమె చొక్కాలు ఒక పక్కకు, సాక్సులు ఒక పక్కకు వేస్తూనే ఉంది.

"మామాకు చెప్తిని, ఇది నా బిడ్డ అని. మామా ఏమీ అనలేదు, నిజం చెప్పాల గదా. బుగ్గలు పట్టుకోని మాషాఅల్లా అనింది. బిస్కెట్ల పాకెట్ ఇచ్చింది. మమ్మల్ని నిలబెట్టి ఫోటో కూడా తీసింది."

"ఎత్తుకున్నావా?"

"ఎట్ట ఎత్తుకునేది? సంకలో ఇది ఉంది గదా." ఇది అంటే మామా చిన్నకూతురు. "కిందికి దింపితే ఒకటే ఏడుపు. నేను నా బిడ్డ చెయ్యి పట్టుకుంటే ఇది వచ్చి ఆ బిడ్డను తోసేసింది. నాదీ నాదీ అని అరిచింది అరబ్బీలో. నా బిడ్డకు అరబ్బీ ఏం తెలుసు? అయినా అర్థమైపాయ దానికి."

"అప్పుడేం జేసింది నీ బిడ్డ?"

"రెండడుగులు వెనక్కి పోయి, ఆ పాపను ఎత్తుకోండి, ఏడస్తా ఉంది, అనింది. ఎవురో చుట్టాలతో చెప్పినట్ట. మంచి బిడ్డమే. మా అక్క బాగా పెంచింది."

అంతలో బాబా హారన్ కొట్టించాడట. గౌను, బూట్లు ఉన్న సంచీ వ్యాన్ వెనక పెట్టెలన్నిటికీ అడుగున ఉండిపోయింది. డ్రైవర్ దింపబోతే మామా, టైమ్ లేదు, తర్వాత పంపిద్దాం, అందట. ఆ సంచీ అట్లాగే జాబ్రియాకు తిరిగొచ్చి ఆమె మంచం కిందికి చేరింది. నీళ్ళు నిండుగా ఉండుంటే ఆ పిల్లలు సాయంత్రం దాకా కదిలేవాళ్ళు కాదు. వీళ్ళకు నీళ్ళంటే పిచ్చి, మడుగు కనబడితే బట్టలతోనే దూకుతారు. చిన్నది కూడా నీళ్ళలో పడి ఆయాను మరిచిపోయేది. ఇవన్నీ నేను పైకి అనలేదు, ఆమెకు తెలియనివి కావు.

ఇంటికొచ్చే ఆడవాళ్ళందరికీ మామా ఈ కథ చెప్పేది. "పిల్లను చూడాలని ఎంత తపించిందో పాపం! నేను స్వయంగా తీసుకెళ్ళి చూపించాను," అని ఆ ఫోటో తీసి చేతికిచ్చేది. వాళ్ళు ఫోటో చూసి, నీకు దేవుడు మేలు చేస్తాడు, అనేవాళ్ళు. ఆమె నాటకమాడితే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఆ మాట మామా మనస్ఫూర్తిగా నమ్మింది. ఇప్పటికీ నమ్ముతూనే ఉండి ఉంటుంది.

చలికాలం వచ్చింది. ఒకరోజు పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడు మా కాడ నీళ్ళు బాగుంటాయిమే. ఇయ్యాల అడగతా," అంది. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని హాల్లోకి వెళ్ళింది. నేను కాఫీ ట్రే పట్టుకుని వెనకే వెళ్ళాను. మామా ఫోన్ చూసుకుంటోంది, చిన్నపాప ఆమె ఒళ్ళో ఉంది.

"మామా, ఇజాజా. చలికాలంలో అన్నారు," అంది ఆమె.

మామా తలెత్తింది. ముఖంలో నిజమైన ఆశ్చర్యం.

"ఏ ఇజాజా? వెళ్ళొచ్చావు కదా!"

"మామా, అది..."

"మీ దేశం వెళ్ళాం. హోటళ్ళలో ఉన్నావు. మీ అక్కను చూశావు, కూతుర్ని చూశావు. టికెట్ కూడా నిన్ను అడగలేదు. జాబ్రియాలో ఏ ఇంట్లో పనిమనిషికి ఇది దొరుకుతుందో అడిగి చూడు. ఇజాజా ఖలాస్ హబీబ్తీ. మళ్ళీ రెండేళ్ళకు చూద్దాం."

నేను ట్రే కింద పెట్టలేదు. ఈమె ఏడుస్తుందని, అరుస్తుందని, కనీసం ఇంకోసారి అడుగుతుందని చూస్తున్నాను. "ఆ పావుగంట సెలవా?" అని నేను అరిచేదాన్నే, అరబ్బీలో ఆ మాట పెగల్లేదు. ఈమె మాత్రం, "తయ్యిబ్ మామా," అంది. సరే అని. చిన్నపాప ఈమె వైపు చేతులు చాచింది. ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది.

ఆ రెండేళ్ళు గడిచాక అత్తగారు మంచాన పడింది. ఆ తర్వాత ఇంకోటి. నేను వేరే ఇంట్లో చేరడానికి మామా దగ్గర విడుదల కాగితం తీసుకుని అహ్మదికి వచ్చేశాను. పండక్కి ఫోన్ చేసేదాన్ని, బాగుండావా అంటే బాగుండాను అనేది. కూతురు పెద్దమనిషి అయిందని ఒకసారి చెప్పింది. అంతకుమించి మా మధ్య మాటలు మిగల్లేదు. ఇప్పుడు ఆమెను పంపడానికి పాస్‌పోర్ట్, టికెట్, కాగితాలు అన్నీ మూడు రోజుల్లో సిద్ధమయ్యాయట. ఎవరి పరీక్షలూ అడ్డం రాలేదు.

మామా ఇజాజా ఖలాస్ అన్న ఆ రోజు, వంటింట్లో ఆమె చిన్నపాపను గట్టు మీద కూర్చోబెట్టి, పొయ్యి మీద పాలు తిప్పుతూ నిలబడింది. నేను మామాను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. కాసేపు విని, ఆపమని చెయ్యి ఊపింది.

"ఆమెను ఏమనేదిలేమే. తప్పు నాదే. మా ఊర్లో సూసేదానికి ఏమీ లేదు, రాళ్ళూ జలగలూ తప్ప అని చెప్పుంటే, నన్ను ఒక్కదాన్నే పంపిచ్చుండేవాళ్ళు."